మునేరు దాటిన డచ్చి పల్లకీలు

పోయిన భాగంలో బేతవోలు ధనంబోడు దగ్గర ఆగాం. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో అక్కడ నిలిపిన ఆయక స్తంభాల శాసనాలూ, 1882లో జేమ్స్ బర్జెస్ వచ్చి ఆ దిబ్బను పరీక్షించిన సంగతీ చెప్పుకున్నాం. అల్లూరు, గుమ్మడిదుర్రు, బేతవోలు, నేలకొండపల్లి... ఈ బౌద్ధ క్షేత్రాలను ఒక గీతతో కలిపితే ఘంటసాల రేవు నుంచి తెలంగాణ లోపలికి పోయే బాట ఒకటి బయటపడుతుందని కూడా అన్నాం. ఈసారి ఆ బాట మీదే పదమూడు పద్నాలుగు వందల ఏళ్ళు ముందుకొద్దాం. ఇప్పటికి ఘంటసాల వెనకబడి బందరు రేవు పైకొచ్చింది. పైన రాజధాని గోల్కొండ. మధ్యలో మాత్రం మన మెట్టే. అవే నల్లరేగళ్ళు, అవే ఎర్ర చెలకలు, ఆ మునేరే, ఆ పాలేరే.

డచ్చివారు అనగానే మనకు బందరు గుర్తొస్తుంది. అక్కడ వలందపాలెం ఇప్పటికీ ఉంది. వాళ్ళ సమాధుల దొడ్డీ ఉంది, రాళ్ళ మీద చెక్కిన వంశ చిహ్నాలతో సహా. ఆ తర్వాత పాలకొల్లు, ద్రాక్షారామం, భీమిలి, కాకినాడ జగన్నాథపురం. చరిత్ర పుస్తకాల్లో డచ్చివారి ఊళ్ళు అన్నీ కోస్తా పొడుగునా వరుసగా కనిపిస్తాయి. మెట్టవాళ్ళకు ఇందులో ఏం సంబంధం అనుకోవడం వాడుకైపోయింది. నా లెక్కలో ఇది సగం చరిత్రే. రేవులో ఓడ ఎక్కే సరుకు రేవులో పండదు. దాన్ని కొనడానికి కావలసిన ఫర్మానాలు రేవులో పుట్టవు. ఆ రెంటికోసం డచ్చి ఉద్యోగులు ఎండనపడి మన మెట్ట మీదుగానే నడవాల్సి వచ్చింది. వాళ్ళు ఎలాంటి ఊళ్ళ నుంచి వచ్చారో ముందు చూస్తే, ఇక్కడ వాళ్ళకు ఏమనిపించి ఉంటుందో కొంత ఊహకు అందుతుంది.

1602లో హాలండ్‌లో ఈస్టిండియా కంపెనీ పెట్టినప్పుడు దాన్ని ఒకే ఊరి సొత్తుగా ఉంచలేదు. ఆరు శాఖలుగా పంచారు. ఆమ్‌స్టర్‌డామ్‌కు సగం, జీలాండ్‌కు పావు వంతు, మిగతా నాలుగు ఊళ్ళకు తలా పదహారో వంతు: డెల్ఫ్ట్, రోటర్‌డామ్, హోర్న్, ఎంక్‌హౌజెన్. ఇందులో డెల్ఫ్ట్ మనవాళ్ళకు కొంచెం తెలిసిన ఊరు. ఇంజనీరింగు పై చదువులకు పోయే పిల్లలు కొందరు అక్కడ చేరుతున్నారు. ఇప్పుడు జనాభా లక్ష పైచిలుకు. పెద్ద నగరం కాదు, పల్లె అసలే కాదు.

ఊరి నడుమ ఔడె డెల్ఫ్ట్ అనే కాలువ పారుతుంది. రెండు గట్ల మీదా ఇరుకు ముఖాల ఎత్తయిన ఇటుక ఇళ్ళు, లిండెన్ చెట్లు, ప్రతి పది ఇళ్ళకూ ఒక వంపు వంతెన. ఆ కాలువ గట్టునే పాత చర్చి గోపురం ఒకపక్కకు ఒరిగి నిలబడి ఉంది. పూడ్చిన కాలువ మీద పునాది వేసినందుకు వచ్చిన ఒరుగు అది. ఇదే కాలువ మీద 39వ నంబరు ఇల్లు ఈస్టిండియా కంపెనీ డెల్ఫ్ట్ శాఖ కార్యాలయం, 1631లో కట్టింది. డెల్ఫ్ట్‌కు సముద్రం లేదు. అందుకని 14వ శతాబ్దంలోనే మ్యూజ్ నది దాకా కాలువ తవ్వుకుని నది ఒడ్డున డెల్ఫ్స్‌హావెన్ అనే రేవు పెట్టుకున్నారు. ఓడలు ఆగేది అక్కడ. సరుకు పడవల మీద ఇంటి గుమ్మం దాకా వచ్చేది.

సరుకు సంగతే కాదు, మనుషుల ప్రయాణమూ అంతే. 1638లో డెల్ఫ్ట్ నుంచి లైడెన్‌కు కొత్త కాలువ పూర్తయింది. గట్టు మీద గుర్రం నడుస్తుంటే తాడుకు కట్టిన పడవ వెనకాల తేలుతూ వచ్చేది. ప్రయాణికుల పడవ, వేళ ప్రకారం బయల్దేరేది. వానైనా ఎండైనా కుదుపు లేకుండా కూర్చుని పొగ తాగుతూ పోవచ్చు. మన డెల్టాలో బందరు కాలువ మీద పడవ ప్రయాణాలు మొదలు కావడానికి ఇంకా రెండు వందల ఏళ్ళకు పైగా పట్టింది. మెట్టకైతే ఆ భాగ్యం ఎన్నడూ దక్కలేదు.

ఇదే ఊరివాడు హ్యూగో గ్రోషియస్. సముద్రం ఎవరి సొత్తూ కాదని, ఎవరైనా వ్యాపారం చేసుకోవచ్చని 1609లో పుస్తకం అచ్చువేసిన న్యాయ పండితుడు. ఆ వాదన మొదట పుట్టింది ఈస్టిండియా కంపెనీ తరఫు వకాల్తాగానే. పోర్చుగీసువారి గుత్తాధిపత్యాన్ని కొట్టడానికి పనికొచ్చిన ఆ సూత్రాన్ని, లవంగాలు జాపత్రీ పండే దీవులు చేతికి రాగానే అదే కంపెనీ పక్కన పెట్టేసింది. 1621లో బందా దీవుల జనాన్ని జాజికాయ కోసం ఊచకోత కోసింది కూడా వీళ్ళే. డెల్ఫ్ట్ కాలువ గట్లు ఎంత అందంగా ఉన్నా ఈ మాట మరవకూడదు. కోరమాండల్ తీరంలో కరువు పట్టినప్పుడల్లా మనుషుల్ని కొని బటేవియాకు ఓడల్లో పంపిందీ వీళ్ళే.

ఇక మన కథ. 1605లో మొదటి డచ్చి ఓడ బందరు చేరింది. మరుసటి ఏడు గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షాతో ఒప్పందం కుదిరింది. బందరులోనూ, నిజాంపట్నంలోనూ ఫ్యాక్టరీలు తెరిచారు. ఫ్యాక్టరీ అంటే యంత్రాలు ఆడే చోటనుకునేరు. గిడ్డంగి, లెక్కల గది, ఉద్యోగుల వసారాలు కలిసిన వ్యాపార ఇల్లు. వాళ్ళకు కావలసింది ప్రధానంగా మన బట్ట. ఆగ్నేయాసియా దీవులవాళ్ళు లవంగాలకూ జాజికాయలకూ బదులు వెండి కంటే మన నూలు బట్టనే ఇష్టపడేవారు, అందులోనూ చిరివేరు ఎరుపు దిగిన అద్దకాన్ని. కోరమాండల్ చేతికి రాకపోతే సుగంధ ద్రవ్యాల దీవులు దక్కినా లాభం లేదని 1612లోనే హెండ్రిక్ బ్రౌవర్ అనే కంపెనీ అధికారి పైవాళ్ళకు తెలియజేశాడు. అతని చూపులో మన తీరం ఆ దీవులకు ఎడమ చెయ్యి.

ఆ చెయ్యి ఆడాలంటే గోల్కొండ దర్బారు అనుగ్రహం కావాలి. సుంకాల తగాదా వచ్చినా, బందరు హవల్దారు సతాయించినా, ఫర్మానా పాతబడినా, కానుకలు మోయించుకుని పైకి వెళ్ళాల్సిందే. అలా పైకి వెళ్ళే దారి మనది. ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే ఆ దూరాన్ని లెక్కగట్టాడు. గోల్కొండ నుంచి బందరుకు సూటిగా వస్తే 100 కోసులు, కొల్లూరు వజ్రాల గని చుట్టి వస్తే 112. కొండలు, చెరువులు, ఏళ్ళు అడ్డం రావడంతో ఈ దారిలో బళ్ళు నడవవని, సరుకంతా ఎద్దుల మీద పెరికెలు వేసే తోలాలని రాశాడు. గని దాకా ఒక చిన్న బండి తెచ్చి, గడ్డు చోట్ల దాన్ని ఊడదీసి మోయించుకోవాల్సి వచ్చిందట.

కృష్ణకు ఎడమ గట్టున బెజవాడ నుంచి హైదరాబాదు వైపు ఎటు నడిచినా ఎక్కడో ఒకచోట మునేరు దాటక తప్పదు, తర్వాత పాలేరు దాటక తప్పదు. కాలువ పడవలో పొగ తాగుతూ తిరిగిన డెల్ఫ్ట్ మనిషి, పల్లకీలో కాళ్ళు ముడుచుకుని, బోయీల భుజాల మీద ఊగుతూ, వేసవి ఇసకలో మునేటిని దాటుతున్నట్టు ఒక్కసారి తలచుకోండి. వానాకాలమైతే ఆ ఊహ కూడా అక్కర్లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో మునేరు పొంగి ఐతవరం దగ్గర జాతీయ రహదారినే ముంచింది, గరికపాడు దగ్గర పాలేరు వంతెన కోతకు గురైంది. హైదరాబాదు, విజయవాడల మధ్య బస్సులు ఆగిపోయాయి. నాలుగు వరుసల రోడ్డుకే ఆ గతి పడితే పెరికె ఎద్దుల మాట చెప్పేదేముంది.

మన జగ్గయ్యపేటకు అప్పటికి ఆ పేరే లేదు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి జగ్గయ్య పేరిట పట్టణం కట్టించింది 18వ శతాబ్దం చివరి కాలంలో. డచ్చివారు ఈ దారిన నడిచేనాటికి అది బేతవోలు పల్లె.

దారికి రెండు వైపులా వాళ్ళను లాగిన ఊళ్ళు రెండున్నాయి. ఒకటి కొల్లూరు, ఒకటి నాగులవంచ.

కొల్లూరు కృష్ణకు ఆవలి గట్టు, ముక్త్యాలకు పైన. కోహినూరు మాట ఎత్తితే ఈ భాగమంతా దానికే సరిపోతుంది కాబట్టి ఎత్తను. 1618 నుంచి 1622 దాకా బందరులో ఉన్న ఆంగ్లేయుడు విలియం మెత్‌వోల్డ్, సోరీ, థామసెన్ అనే ఇద్దరు డచ్చివాళ్ళతో కలిసి ఆ గని చూడ్డానికి వచ్చాడు. అతను రాసిపెట్టిన వివరం తెలుగు నేల మీద కూలి పని గురించి మనకున్న పాత కథనాల్లో ఒకటి. 30,000 మంది అక్కడ పనిచేస్తున్నారని అతని అంచనా. తర్వాత కొన్ని దశాబ్దాలకు వచ్చిన టావెర్నియే 60,000 అన్నాడు. చతురస్రంగా గోతులు తవ్వుతారు, చాలా లోతుకు పోతారు. ఊరిన నీటినీ మట్టినీ పైకి తేవడానికి గిలక లేదు, యంత్రం లేదు. మెట్లు మెట్లుగా మనుషులు కూర్చుని చేతి నుంచి చేతికి గంపలు, కుండలు అందించుకుంటారు. పైకి తెచ్చిన మట్టిని చదును చేసిన నేల మీద పరచి, ఎండనిచ్చి, గడ్డలు చిదిమి, జల్లించి వెతుకుతారు. పది క్యారెట్లు దాటిన రాయి సుల్తానుది.

ఈ దృశ్యాన్ని చూస్తున్న ఆ ఇద్దరు డచ్చివాళ్ళ దేశంలో అప్పుడేం జరుగుతోందో గుర్తు చేసుకోవాలి. 1612లో, అంటే అంతకు పదేళ్ళ లోపే, ఆమ్‌స్టర్‌డామ్‌కు ఉత్తరాన బేమ్‌స్టర్ అనే పెద్ద చెరువును గాలిమరలు పెట్టి ఎండగట్టారు. నలభైకి పైగా మరలు రాత్రింబవళ్ళు నీళ్ళు తోడి పోశాయి. సుమారు 7,000 హెక్టార్ల నేల బయటపడింది. దానికి డబ్బు పెట్టినవారిలో ముందు నిలిచిన దిర్క్ ఫాన్ ఆస్, ఈస్టిండియా కంపెనీ తొలి డైరెక్టర్లలో ఒకడు. అంటే తూర్పు వ్యాపారంలో వచ్చిన లాభం అక్కడ గాలిమరలుగా, పొలాలుగా మారింది. ఇక్కడ అదే ఏళ్ళలో అత్యంత ఖరీదైన సరుకును తీసే గోతిలో నీళ్ళు తోడేది మనిషి రెక్కలే. కూలి చవక. గిలక ఎందుకు లేదో చెప్పడానికి నాకు ఇంతకంటే కారణం కనబడదు. పని తెలియక కాదు, ఏతం తొక్కడం తెలిసిన జనమే వాళ్ళు.

ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం అడుగున ఉంది. మన గట్టున పరిటాల గనులు కూడా ఒకప్పుడు పేరున్నవే. సర్కారు జిల్లాలు ఆంగ్లేయ కుంఫిణీకి పోయినా పరిటాల చుట్టుపక్కల కొన్ని ఊళ్ళను నిజాము వదులుకోలేదు. బ్రిటిషు జిల్లా నడుమ నిజాం ముక్కగా అవి 1948 దాకా మిగిలాయి.

నాగులవంచ అంటే కాజీపేట రైలెక్కినవాళ్ళకు ఖమ్మం ముందు దాటే చిన్న స్టేషను. చింతకాని మండలం, మన నందిగామ దాటి మధిర మీదుగా పోతే తగులుతుంది. 17వ శతాబ్దంలో అది నీలిమందుకూ, నూలు బట్టకూ పేరున్న ఊరు. 1670 ప్రాంతంలో డచ్చివారు అక్కడ ఫ్యాక్టరీ పెట్టారు. సముద్రానికి ఇంత దూరాన, తెలుగు మెట్టలో, ఒక విదేశీ కంపెనీ ఇల్లు! బందరుకూ గోల్కొండకూ నడుమ వాళ్ళకు మజిలీ అదే, కొనుగోలు కేంద్రమూ అదే. దళారుల చేతుల్లో పడకముందే నీలిమందు పండే చోటునే కొనుక్కోవచ్చు, నేతగాళ్ళకు ముందస్తు బయానాలు ఇచ్చుకోవచ్చు. ఆ నీలిమందు యూరపులో ఉన్ని అద్దకపు పనివాళ్ళ తొట్లలోకి పోయేది. డెల్ఫ్ట్ అనగానే అందరూ చెప్పే నీలిరంగు పింగాణీ చూసి మన నీలిమందే అనుకోవద్దు. అది కోబాల్ట్, కొలిమిలో కాలినా నిలిచే రంగు. మన నీలి ఆకు రంగు బట్టకే.

ఈ నాగులవంచ గురించి మనకు ఇన్ని తెలియడానికి కారకుడు డేనియల్ హావార్ట్. 1670ల మొదట్లో కంపెనీ ఉద్యోగిగా ఈ తీరానికి వచ్చి, పన్నెండు పదమూడేళ్ళకు పైగా ఉండి, గోల్కొండలోనూ పనిచేసి, తిరిగి హాలండ్ వెళ్ళి రోటర్‌డామ్‌లో వైద్యం చేసుకున్నాడు. పారసీకం నేర్చి సాదీ బోస్తాన్‌ను డచ్చిలోకి మార్చాడు. 1693లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కోరమాండల్ ఉత్థాన పతనాల మీద మూడు భాగాల పుస్తకం అచ్చయింది. ఏ ఊళ్ళో ఏ ఫ్యాక్టరీ, ఎవరు పెద్ద, ఎవరు ఎప్పుడు చనిపోయారు, సమాధి రాయి మీద ఏం చెక్కారు, అన్నీ ఎక్కించాడు. అక్కన్న మాదన్నలంటే అతనికి సరిపడదు, ఆ ద్వేషం దాచుకోలేదు. ఆ పేజీలు చదివేటప్పుడు ఒక కంపెనీ ఉద్యోగి కక్ష చదువుతున్నామని గుర్తుంచుకోవాలి. మాదన్న గట్టిగా లెక్క అడిగే మంత్రి. లెక్క అడిగేవాణ్ణి ఏ వ్యాపారి మెచ్చుకున్నాడు గనక.

చివరి ఘట్టం తొందరగా నడిచింది. బకాయిల తగాదాలో 1686లో డచ్చివారు బందరు పట్టణాన్నే కొన్నాళ్ళు పట్టుకున్నారు. అదే ఏడు లారెన్స్ పిట్ రాయబారం గోల్కొండకు వెళ్ళింది. మాదన్న అప్పటికే హత్యకు గురయ్యాడు. 1687లో ఔరంగజేబు కోట పట్టాడు. కరువు, రోగాలు, సైన్యాల రాకపోకలు, అన్నీ ఒకేసారి. నాగులవంచ ఫ్యాక్టరీ కథ కూడా దాంతోనే ముగిసింది. కంపెనీ 1799 చివరి రోజున రద్దయింది. 1825కల్లా ఈ తీరంలో మిగిలిన డచ్చి ఊళ్ళు ఆంగ్లేయుల పరమయ్యాయి.

కంపెనీ పోయినా డెల్ఫ్ట్‌లో ఇంకొకటి మిగిలింది, నాకు దాని మీదే గౌరవం ఎక్కువ. 39వ నంబరు కంపెనీ ఇల్లు అన్నాం కదా, అదే కాలువ మీద ఇంకా ముందుకు పోతే 167వ నంబరు దగ్గర గోడ నిండా రంగుల వంశ చిహ్నాలున్న పాత భవనం ఒకటి ఉంది. అది డెల్ఫ్‌లాండ్ నీటి సంఘం ఇల్లు. ఆ సంఘం 1289 నుంచి ఉంది, ఇప్పటికీ పనిచేస్తోంది. ఊరు దాటి సైకిలు మీద దక్షిణానికి పోతే ఆ పని కళ్ళకు కడుతుంది. కాలువలో నీటిమట్టం పైన, పక్కన పచ్చిక బయలు కింద. మన పాలకేంద్రాల్లో హెచ్‌ఎఫ్ ఆవులంటామే, వాటి జాతి నలుపు తెలుపు ఆవులు ఆ పల్లంలో మేస్తుంటాయి. పొలాల నడుమ బోదెలు, బోదెల నీళ్ళు తోడే పంపులు, ఆ నీటిని మోసే పెద్ద కాలువ, అక్కణ్ణుంచి నది. ఒక్కరోజు తోడకపోతే ఊళ్ళకు ఊళ్ళు నానతాయి. ఆ ఖర్చుకు భూమి ఉన్నవాడు భూమికి, ఇల్లున్నవాడు ఇంటికి నీటి పన్ను కడతాడు, సంఘానికి ఎన్నికల్లో ఓటూ వేస్తాడు.

వాళ్ళకు నీళ్ళు వదిలించుకోవడం సమస్య, మనకు తెచ్చుకోవడం. 1855కల్లా బెజవాడ ఆనకట్ట డెల్టాను పచ్చగా చేసింది గానీ మెట్టకు చుక్క ఎక్కలేదు. నందికొండ దగ్గర కృష్ణకు అడ్డుకట్ట వేయించాలని పట్టుబట్టి, 1952లో ఖోస్లా కమిటీ ఆ చోటు చూడ్డానికి దారి లేదంటే జనాన్ని కూడగట్టి దారి వేయించినవాడు మన ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ చివరి ఆయకట్టు మనదే. చివరి భూములకు నీళ్ళు అందవన్న గోల నందిగామ, పేట రైతులకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 1997లో చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలు పెట్టారు. డెల్ఫ్‌లాండ్ సంఘానికి ఉన్నది, మన సంఘాలకు లేనిది ఒకటే: సొంత పన్ను, సొంత ఖజానా. ఆ రాజా గారి కథ వేరే భాగంలో చెబుతాను.

డచ్చివారు మళ్ళీ వచ్చారు కూడా, ఈసారి వ్యాపారానికి కాదు. 1957లో డెల్ఫ్ట్‌లో పెట్టిన అంతర్జాతీయ జలవిజ్ఞాన సంస్థలో అనేక దేశాల నీటిపారుదల ఇంజనీర్లు చదువుకున్నారు. మన బాపట్లలో ఇండో డచ్చి పథకం కింద చౌడు నేలల మురుగు తీసే ప్రయోగాలు జరిగాయి, కోనంకి, ఉప్పుగుండూరు పొలాల్లో. నీళ్ళు తెచ్చుకున్నాక మురుగు తీయడం నేర్చుకోవాలని మనకు ఆలస్యంగా తెలిసింది. వాళ్ళకది పుట్టుకతో వచ్చిన విద్య.

ఇక పాఠకులకు ఒక విన్నపం. కంపెనీ కాగితాలు హేగ్ నగరంలోని జాతీయ పత్రాగారంలో ఉన్నాయి, వరుసగా పేరిస్తే కిలోమీటరు పైన సాగే బీరువాలు. 2003లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ఆ చేతిరాతను కంప్యూటరు చేత చదివించి ఇంటర్నెట్‌లో పెడుతున్నారు, డబ్బు కట్టక్కర్లేదు. డచ్చి గుమాస్తాలు చెవికి విన్నట్టు రాసిన మన ఊళ్ళ పేర్లు అందులో తలకిందులై ఉంటాయి. నాగులవంచను నాగెల్‌వాంజె అని రాశారు. హాలండ్ పండితుడికి ఏది పెనుగంచిప్రోలో, ఏది కంచికచర్లో, ఏది గరికపాడో తెలిసే వీలు లేదు, ఏటి రేవులూ పాత బాటలూ ఎరిగిన మనకే తెలుస్తుంది. మీ ఊళ్ళో పాత దారి ఎటు పోయేదో, మునేరు ఏ రేవులో దాటేవారో మీ ఇంటి పెద్దల్ని అడిగి రాసి పంపండి. డెల్ఫ్ట్‌లో, లైడెన్‌లో చదువుకుంటున్న పిల్లలు ఎవరైనా మీ ఇంట్లో ఉంటే, ఒక సెలవురోజు హేగ్ వెళ్ళి ఆ కాగితాలు చూడమని చెప్పండి. పావుగంట రైలు ప్రయాణం.